బాబాయి ఊపిరి పీల్చిన చోట

ప్రణీత పంపిన పాట ఫోనులోకి వచ్చి కూర్చుంది. నేను వినలేదు. వంట చేశాను, బడికెళ్ళి పాఠాలు చెప్పాను, ఇంటికొచ్చి బట్టలు మడత పెట్టాను, ఎవరూ సర్దమనని బీరువా అర కూడా సర్దాను. ఫోను మోగినప్పుడల్లా ఆ పాట ఉన్న వైపు చూడకుండా మాట్లాడి పెట్టేశాను. ఏలూరులో ఇన్నేళ్ళుగా తెలుగు చెబుతూ, పిల్లల వ్యాసాలన్నీ ఎర్రసిరాతో కసిదీరా దిద్దే మనిషి, ఒక కాలేజీ పిల్ల కంప్యూటర్లో కట్టుకున్న నాలుగు నిమిషాల సంగీతానికి భయపడిందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. నాకు నిజంగానే భయం వేసింది. 

ప్రణీత మా బాబాయి మనవరాలు, నా చెల్లెలి కూతురు. వట్లూరులో ఇంజనీరింగు చదువుతోంది. చెవులకి తట్టల్లాంటి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ల్యాప్‌టాపులో డప్పులూ బేసులూ పేర్చి, ఎక్కడెక్కడివో చప్పుళ్ళు పట్టుకొచ్చి అందులో కలిపి సంగీతం కడుతుంది. పాడేవాళ్ళుండరు, సాహిత్యం ఉండదు. బాబాయి పోయాక ఒకరోజు ఇంటికొచ్చి, తాతయ్య గొంతు ఎక్కడైనా ఉందా పెద్దమ్మా అని అడిగింది. నా దగ్గర ఒక గుడ్డసంచి నిండా క్యాసెట్లున్నాయి. ఇచ్చేశాను. ఆ క్యాసెట్ల నుంచే ఇప్పుడీ పాట కట్టి పంపింది. దాని కింద ఇలా రాసింది: "పెద్దమ్మా, తాతయ్య ఊపిరితో తాళం కట్టాను. సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక అమ్మకి వినిపించాలని ఉంది. తాతయ్య పోయినప్పట్నుంచీ అమ్మ ఆయన గొంతు వినట్లేదు, ఫోనులో వీడియోలు కూడా తెరవట్లేదు. నువ్వు సరేనంటేనే వినిపిస్తాను. మా గ్రూపులో పెడితే అందరూ నిప్పు బొమ్మలు పెట్టారు గానీ ఏం బాలేదో ఒక్కళ్ళూ చెప్పలేదు. నువ్వు మాత్రం తాతయ్యలాగే పాట మీద మాట్లాడి పంపు."

నన్ను వణికించింది ఆ ఆఖరి మాట.

పాట మీద మాట్లాడడమంటే ఏమిటో చెప్పాలి. అప్పట్లో మేము ఏలూరులోనే పవర్‌పేటలో ఉండేవాళ్ళం. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. తమ్ముడు కోర్సు కోసం కొనిపించుకున్న కంప్యూటరు ఒకటి నడవలో బల్లమీద ఉండేది. దాని మీద నాయనమ్మ పాత చీర ముక్క కప్పి, పైన తులసిమాల కూడా వేయబోతే తమ్ముడు గోల చేశాడు. వాడు బయటికి పోగానే నేను ఆ కుర్చీ ఎక్కేదాన్ని. ఎవరో కాపీ చేసిచ్చిన సీడీలో సంగీతం కట్టే సాఫ్ట్‌వేరు ఒకటి దొరికింది. ఒక్కో గడిలో ఒక్కో దెబ్బ పెట్టుకుంటూ పోతే తాళం తయారయ్యేది. నేర్పేవాళ్ళు లేరు. తెలిసిందల్లా తాడేపల్లిగూడెంలో ఉన్న మా బాబాయికే. ఆయన పెళ్ళికి ముందు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించి, పెళ్ళయ్యాక మావగారి ఉల్లిపాయల కమీషను కొట్లో కూర్చున్నారు. ఆయనకి కంప్యూటరు లేదు, టేపు రికార్డర్లు మాత్రం రెండున్నాయి. అందుకని నేను కట్టినదాన్ని క్యాసెట్టులోకి ఎక్కించి, రోజూ గూడెం నుంచి పాసింజర్లో వచ్చి వెళ్ళే నాన్న ఆఫీసాయన చేతికిచ్చేదాన్ని. బాబాయి కొట్టు వెనక గోడౌన్లో కూర్చుని ఒక రికార్డర్లో నా పాట పెట్టి, రెండోదాన్ని ఎదురుగా పెట్టి రికార్డు నొక్కి, పాట నడుస్తూండగానే తప్పు దొరికిన చోట తన మాట చెప్పేవారు. రెండో క్యాసెట్టు మళ్ళీ ఆ ఆఫీసాయన చేతే పాసింజర్లో వచ్చేది. విప్పితే ఉల్లిపాయల వాసన గుప్పుమనేది.

ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పొచ్చు కదా అని మీరనుకోవచ్చు. మా ఇళ్ళల్లో అది జరిగే పని కాదు. మాది మొహమాటాల వంశం. కూరలో ఉప్పెక్కువైతే ఎక్కువైందని ఎవరూ అనరు. రెండు ముద్దలు తిని, కాస్త మజ్జిగ అందుకోమ్మా అంటారు. మజ్జిగ ఎంత తొందరగా అడిగితే కూర అంత పాడైందని అమ్మ లెక్క. బాబాయి ఈ విద్యలో అందరికంటే రెండాకులు ఎక్కువే చదివారు. మాడిపోయిన సాంబారుని కూడా చాలా బాగుందొదినా అని గిన్నె వంచి పోసుకునేవారు. నాయనమ్మ ఒక్కతే మొహం మీద అనేది. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలనేది. కానీ ఆవిడ అన్నదాన్నీ ఎవరూ లెక్కచేసేవారు కాదు, ఎందుకంటే ఆవిడకి కాఫీ దగ్గర్నుంచి కాలవలో నీళ్ళ దాకా ఏదీ నచ్చదు. మెచ్చుకుంటే నమ్మకం లేదు, తిడితే విలువ లేదు. అలాంటి ఇంట్లో నిజం చెప్పే చోటు ఒక్క ఆ క్యాసెట్టే.

అందుకే అదంటే అంత భయం. క్యాసెట్టు వచ్చిన రోజు నాకు అన్నం సయించేది కాదు. మధ్యాహ్నం అమ్మ కొంగు పరుచుకుని పడుకునేదాకా, నాయనమ్మ రేడియో గుండెలమీద పెట్టుకుని గుర్రు తీసేదాకా ఆగి, నడవలో కూర్చుని సౌండు బాగా తగ్గించి పెట్టుకునేదాన్ని. ముందు గోనెసంచుల చప్పుడు, దూరంగా హమాలీల కేకలు, ఎప్పుడన్నా రైలు కూత. తరవాత నా పాట, ఆ గోడౌన్లో నాది కానట్టుగా, ఎవరి పిల్లో తప్పిపోయి వచ్చినట్టుగా వినబడేది. ఇంతలో బాబాయి ఊపిరి పీల్చేవారు. మాట్లాడబోయే ముందు ఆయనకి అలవాటు, ముక్కుతో గట్టిగా ఒక్కసారి. ఆ ఊపిరికీ మాటకీ మధ్య ఉన్న క్షణంలో నా ప్రాణం గొంతులోకొచ్చేది. తరవాత ఒకటే మాట: "ఇక్కడండీ."

ఆ 'అండీ'కి నేను బిగుసుకుపోయేదాన్ని. ఇంటికొస్తే చిట్టీ, ఒసే, కాసిని నీళ్ళు పట్రావే అనే మనిషి, టేపులో మాత్రం నన్ను మీరు అనేవారు, తోటి వాద్యగాణ్ణి అన్నట్టు. పిల్లనైతే తప్పులు చేసినా చెల్లుతుంది. మీరు అన్నాక ఇక చెల్లదు. "ఇక్కడండీ, మీ డప్పూ ఆ బేసూ రెండూ ఒకే పీట మీద కూర్చున్నాయండి, ఒకళ్ళని కాస్త జరగమనండి" అనేవారు. ఇంకోచోట, ఈ ఎకో ఎందుకు వేశారండి, ఖాళీ పొలంలో గోడలు కట్టినట్టుంది, తీసేసి చూడండి అన్నారు. ఒకసారి, ఇంత మంచి సంగతి ఒక్కసారే వచ్చి వెళ్ళిపోయిందండి, చుట్టానికి మర్యాద చేసినట్టు ఇంకోసారి పిలవండి అన్నారు. తప్పు చెబితే దిద్దే దారి కూడా చెప్పేవారు. బాగుంది అని మాత్రం ఏనాడూ అనలేదు. ఏమీ అనకుండా దాటిపోయిన చోట్లన్నీ బాగున్నట్టే అని నేనే అర్థం చేసుకున్నాను. విన్నాక కుర్చీ ఎక్కి ఆయన చెప్పినట్టు జరిపి చూస్తే పాట కళ్ళు తెరిచేది. ఒకసారి నా మొహం చూసి నాయనమ్మ, ఏంటే అలా అయిపోయావు, ఎవరన్నా పోయారా అంది. లేదే, బేసు ఎక్కువైందంట అన్నాను. ఆవిడ కాసేపాలోచించి, అయితే తగ్గించు, దానికేముంది అంది.

ఆ చలికాలంలోనే కొల్లేటి లంకలో ఉన్న మేనత్త ఇంటికి వెళ్ళాను. వాళ్ళవి చేపల చెరువులు. పొద్దున్నే నీటికాకులు గుంపులుగా దిగి పిల్లచేపల్ని తినేస్తాయని, కాపలావాళ్ళు గట్ల మీద నిలబడి పాత నూనె డబ్బాలు వాయిస్తారు. పడుకుని వింటే అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి, దూరం నుంచి ఇంకోటి, నా కంప్యూటరు ఎన్నటికీ వేయలేని తాళం. అడిగితే అత్తయ్య చెప్పింది, మంచు పట్టిన రోజుల్లో అది పిట్టల కోసమే కాదంట. ఒక గట్టు మీద డబ్బా కొడితే పక్క గట్టువాడు బదులు కొట్టాలి. బదులు రాలేదంటే ఆ మనిషికేదో అయిందని, కాలు జారి చెరువులో పడ్డాడేమోనని అందరూ అటు పరిగెడతారు. మర్నాడు పొద్దున్నే టేపు రికార్డరు తువ్వాల్లో చుట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా చెప్పులు నాకే సరిగా కనబడలేదు. రెండువైపులా నీళ్ళు, మధ్య బురద గట్టు, గుర్రపుడెక్క కుళ్ళిన వాసన. రికార్డు నొక్కి నిలబడ్డాను. డబ్బాలు మోగుతున్నాయి, బదులు పలుకుతున్నాయి. ఎక్కడివో తెలియదు, అన్నీ దగ్గరే అనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి.

ఒక్క డబ్బా లేదు, ఒక్క బదులు లేదు.  ఎవరో పడిపోయారనుకున్నాను. కాదు, అందరూ పడిపోయారనుకున్నాను, ఇంత నీళ్ళ మధ్య నేనొక్కదాన్నే మిగిలాననుకున్నాను. ఎటు అడుగు వేస్తే ఇల్లో, ఎటు వేస్తే చెరువో తెలియలేదు.  అంతలో నా ముందే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, నీళ్ళ మీంచి పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఆ రెక్కల చప్పుడుకి నేను పెద్దగా ఊపిరి పీల్చాను, అది కూడా టేపులో పడింది. తీరా చూస్తే ఏమీ కాలేదు. కాపలావాళ్ళు చద్దన్నాలకి కూర్చున్నారంతే. అత్తయ్య వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించి, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది.

ఆ టేపుతో కట్టిన పాటే నేను కట్టిన వాటిల్లో గొప్పదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. డబ్బాల తాళం చుట్టూ డప్పులు పేర్చాను, కింద బేసు పరిచాను, అన్నిటినీ ఒక్కసారి ఆపేసి, ఆ ఖాళీని ఖాళీగానే వదిలేసి, తరవాత రెక్కలు, నా ఊపిరి. అది పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్ళి, చెన్నైలో రికార్డింగు నేర్పే కోర్సు ఉందంట, పంపిస్తావా అని అడిగాను. ఆ మాట అడగడానికి పడ్డ భయం వేరే. నాన్న కోప్పడలేదు. బీయెడ్‌కి దరఖాస్తు పెట్టేలోగా తేల్చుకుందామన్నారు. "నాకివేమీ తెలీవమ్మా. బాబాయి సరేనంటే పంపిస్తాను" అన్నారు. క్యాసెట్టు పాసింజరెక్కింది. అది తిరిగొచ్చేదాకా నేను ఇంట్లో అడుగు తీసి అడుగు వేయలేదు.

వచ్చింది. మధ్యాహ్నం పెట్టుకున్నాను. సంచుల చప్పుడు, కేకలు, నా పాట మొదలు. బాబాయి మాట లేదు. డప్పులొచ్చాయి, బేసొచ్చింది, మాట లేదు. ఎక్కడో ఒకచోట అంటారని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. అన్నీ ఆగిపోయే చోటు వచ్చింది, రెక్కలు లేచాయి, టేపులో నేను ఊపిరి పీల్చాను. ఆ వెంటనే బాబాయి ఊపిరి పీల్చారు. నేను ఎదురుచూశాను. మాట రాలేదు. పాట అయిపోయేదాకా రాలేదు. తరవాత కాసేపు గోడౌను చప్పుడు, ఆపైన రికార్డరు ఆపిన టక్కు. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను, మళ్ళీ అదే. అంతకుముందు ఎన్ని తప్పులు చెప్పినా అంత భయపడలేదు. చెప్పడం మొదలుపెట్టి, చెప్పి లాభం లేదని మానేశారనిపించింది.

ఆ ఆదివారం బాబాయి భోజనానికొచ్చారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నాన్న అడిగారు, ఏరా, చిట్టి కట్టింది విన్నావా అని. "విన్నానన్నయ్యా. బాగుంది. చాలా బాగుంది" అన్నారు బాబాయి. అదే గొంతుతో, అదే నవ్వుతో, మాడిన సాంబారుని అన్నట్టే అన్నారు. ఆయన చేయి కడుక్కోడానికి లేవగానే నాన్న నావైపు తిరిగి, టేపులో ఏమన్నాడమ్మా అని అడిగారు. మా ఇంట్లో అందరికీ తెలుసు, నిజమంతా టేపులోనే ఉంటుందని. ఏమీ అనలేదు నాన్నా అన్నాను. నాన్న పాపం నా మొహం చూడలేక కంచంకేసి చూస్తూ, అయితే తప్పులు చెప్పే పాటి కూడా లేదేమోలేమ్మా అన్నారు. నేను తలూపాను. బాబాయి వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ నావైపు చూసి గట్టిగా ఊపిరి పీల్చారు. నేను గడియ పట్టుకుని నిలబడ్డాను. "వస్తానమ్మా" అన్నారు.

బీయెడ్‌లో చేరాను. పాటలు కట్టడం మానేశాను. ఎవరూ మానమనలేదు, మళ్ళీ ఆ కుర్చీ ఎక్కలేదు, అంతే. తరవాత రాయడం మొదలుపెట్టాను, ఈ రోజుకీ రాసింది ఎవరికైనా ఇస్తే వాళ్ళు నోరు తెరిచేదాకా నాకు ఊపిరాడదు. బాబాయిని మాత్రం అడగలేదు. అడిగితే బాగుందమ్మా అంటారు, అది విని ఏం చేసుకోను? పోయినేడు ఆయన్ని గూడెంలో ఆస్పత్రిలో చేర్పించారంటే, ఈసారి అడిగేయాలనే నిశ్చయించుకుని వెళ్ళాను. మంచం పక్కన కూర్చున్నాను. ఆయన మొహానికి గొట్టం, ఒక్కో ఊపిరీ ప్రయాసపడి గట్టిగా పీలుస్తున్నారు. పీల్చినప్పుడల్లా నేను పాత అలవాటు కొద్దీ మాట కోసం ఎదురుచూశాను. అడక్కుండానే కాళ్ళు నొక్కి వచ్చేశాను.

ఇప్పుడు ఆ ఊపిరితో తాళం కట్టానని పిల్ల రాసింది. సంవత్సరీకం దగ్గరపడింది. నేను సరేనంటేనే అంది. ఒకప్పుడు మా నాన్న అన్న మాటే అది. వినకుండా బాగుందమ్మా అని రాసేద్దామనుకున్నాను, ఒక నిప్పు బొమ్మ పెట్టేద్దామని కూడా అనుకున్నాను. కాలం మారిందంటారు గానీ మా మొహమాటం ఎక్కడికీ పోలేదు, మజ్జిగ అడగడం మాని బొమ్మలు పెడుతోంది. ఆదివారం మధ్యాహ్నం తలుపేసుకుని, పాత ఫోనులో రికార్డు నొక్కి ఎదురుగా పెట్టి, కొత్త ఫోనులో పాట పెట్టాను.

రైలు కూత వచ్చింది, గోనెసంచుల చప్పుడు. తరవాత బాబాయి ఊపిరి.  దాని వెంటే 'ఇక్కడండీ', మళ్ళీ ఊపిరి, మళ్ళీ 'ఇక్కడండీ', కింద డప్పు. అలా కాసేపు వినగానే నా భయం తగ్గింది. పాటలో తప్పు ఆ తగ్గడమేనని తట్టింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, నాకు తెలియకుండానే అన్నాను: "ఇక్కడండీ, ప్రతి ఊపిరి వెనకా మాట పెట్టేశారండి. మాట వస్తుందని తెలిసిపోతే ఎదురుచూడ్డానికేం మిగల్లేదు. ఒక్కసారి పెట్టి మిగతావి తీసేసి చూడండి." ఇంకొంచెం పోయాక, ఊపిరులన్నీ కత్తిరించి ఒకే కొలతకి తెచ్చారండి, మనిషి అలా పీల్చడు, హెచ్చూతగ్గులు ఉండనివ్వండి అన్నాను. పందొమ్మిదేళ్ళ పిల్లని నేను మీరు అంటున్నాను. అయినా మాట ఆగలేదు.

ఆఖర్న డబ్బాలొచ్చాయి. లంకలో డబ్బాలు, బదులు పలికే డబ్బాలు. అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. రెక్కలు లేచాయి. మంచులో నేను పీల్చిన ఊపిరి, దాని వెంట గోడౌన్లో బాబాయి పీల్చిన ఊపిరి, రెండూ పక్కపక్కన వినబడ్డాయి. పిల్ల వాటి మీద ఏమీ వేయలేదు. డప్పు లేదు, బేసు లేదు, మాట కూడా లేదు. నేను ఊపిరి పీల్చాను. ఏదో చెప్పాలనే పీల్చాను. చెప్పడానికి ఏమీ లేదు. ఎక్కడా ఏదీ జరపక్కర్లేదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతూ అలాగే కూర్చుండిపోయాను.

బాబాయి కూడా ఆ రోజు ఇలాగే కూర్చుండిపోయారేమో. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, నాకింక తెలిసే దారి లేదు. పాట అయిపోయింది. ఎదురుగా పాత ఫోనులో ఎర్రచుక్క ఇంకా వెలుగుతోంది. నా ఊపిరి అందులో పడింది, దాని వెనక మాట పడలేదు. ఇది ఇలాగే వెళితే ఆ పిల్ల తన గదిలో తలుపేసుకుని, వెనక్కి తిప్పి తిప్పి వింటుంది. అది తట్టేసరికి ఇన్ని రోజులుగా పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఆ ఒక్క భయం ఒక ఎత్తు అయింది. ఫోను దగ్గరికి లాక్కున్నాను.

"ఇక్కడండీ," అన్నాను. "డబ్బాలు ఆగిపోయిన చోట. ఇక్కడ తప్పేమీ లేదండీ. ఏమీ లేకే ఊరుకున్నాను. ఇక్కడ దేన్నీ ముట్టుకోకండి. మీ అమ్మకి వినిపించండి."